నవల నడిమి భాగం కదలడం లేదు, అచ్చు సొంతంగా వేసుకోవాలని ఉంది: అనుభవజ్ఞుల సలహా కావాలి

లంకగట్టు (రాజోలు ప్రాంతం)

అందరికీ నమస్కారం. గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఏటా కొంచెం కొంచెంగా ఏటి కోతకు పోతున్న ఒక కొబ్బరి తోటను, ఆ తోట మీద బతికిన ఒక కుటుంబాన్ని ఆధారం చేసుకుని నవల రాస్తున్నాను. 1986 ఆగస్టు వరదతో మొదలై, 1996 నవంబరు 6 నాటి తుఫానుకు తోట నేలకూలడంతో మలుపు తిరిగి, ఆ తరవాత నాటిన మొక్కలు కాపుకు రావడంతో కథ ముగుస్తుంది. ఉద్యోగస్తురాలిని కాబట్టి ఇంటి పని కూడా ముగిశాక రాత్రి పూట రాసుకుంటూ తొలి ప్రతిని 60 వేల పదాల దాకా తీసుకువచ్చాను. మొదటి భాగం, చివరి భాగం ఒక దారికి వచ్చాయి గానీ నడిమి భాగం ఎంత లాగినా కదలడం లేదు. తుఫానుకూ కొత్త కాపుకూ మధ్య ఉన్న ఏళ్ళలో ఈ కుటుంబానికి ఎదురుచూపు తప్ప మరొక పని లేదు. ఆ ఎదురుచూపును, పాఠకుడు పుస్తకం మూసేయకుండా ఎలా రాయాలన్నది నా మొదటి ప్రశ్న.

రెండవది ప్రచురణ. ప్రచురణకర్తల జవాబు కోసం ఆగకుండా సొంతంగా అచ్చు వేసుకోవాలని ఉంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నాటికి ప్రతులు చేతికి రావాలని ఆశ. అక్షరాల కూర్పు దగ్గర నుంచి అమ్మకం దాకా ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కరలేదో తెలిసినవారు చెప్పగలరు. మొదటి ప్రకరణాన్ని అడిగినవారికి విడిగా పంపుతాను.

అమలాపురం మాష్టారు

అమ్మా, మీరు పంపిన ప్రకరణం శ్రద్ధగా చదివాను. ముందు మీ మొదటి ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. ఎదురుచూపులో సంఘటనలు ఉండవన్న మాటను నేను ఒప్పుకోలేను. తోట పడిపోయిన ఇంట్లో రాబడి ఆగుతుంది గానీ ఖర్చు ఆగదు. తుఫాను తరవాత నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళూ కోనసీమలో ఏ ఇల్లు ఎలా గడిచిందో మీరు నాకన్నా దగ్గరగా చూసి ఉంటారు. ఖాళీ అయిన నేలలో అరటి, కంద, పసుపు వేసుకుని నెట్టుకొచ్చినవారు ఉన్నారు. తోట తెగనమ్మి పట్నం చేరినవారు ఉన్నారు. పిల్లలను అమ్మమ్మ చేతిలో పెట్టి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటి పనికి వెళ్ళిన ఆడవారు రాజోలు, అమలాపురం ప్రాంతాలలో ఎందరో ఉన్నారు. అక్కడి నుంచి డబ్బు వచ్చే రోజు, ఎస్.టి.డి. బూత్ ముందు పిల్లలు వరుసలో నిలబడే రోజు, వచ్చిన డబ్బు అప్పుకు కట్టాలా, పడిన గోడ లేపాలా అని అన్నదమ్ములు మాట పట్టింపుకు పోయే రోజు, ఇవన్నీ సంఘటనలే. మీ నవలలో తల్లి వెళ్ళినా సరే, మీ కలం మాత్రం ఆమె వెంట కువైట్ వెళ్ళకుండా ఉండటం మంచిదని నా మనవి. లంకలో, అంటే ఏటి నడుమ దిబ్బ మీది ఊరిలో, మిగిలినవారి వైపు నుంచే కథ నడిస్తే, ఆమె లేని లోటు పాఠకుడికి ప్రతి పేజీలోనూ తెలుస్తుంది.

ఇక వరద ఘట్టం. భద్రాచలం దగ్గర నీటి మట్టం పెరిగిందని రేడియోలో విన్న గంటకే లంకలోకి నీరు వచ్చినట్టు రాశారు. గోదావరి వరద అంత తొందరగా రాదమ్మా. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర 75.6 అడుగులు నమోదైంది. ఆ నీరు పాపికొండల మధ్య నుంచి దిగి, పోలవరం దాటి, ధవళేశ్వరం చేరి, అక్కడ పాయలుగా చీలి మన లంకల దాకా రావడానికి చాలా వ్యవధి ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. నవలాకారులకు పనికివచ్చేది ఆ హెచ్చరికల మధ్య గడిచే సమయమే. గొడ్లను ముందు ఏటిగట్టు ఎక్కించేవాడెవడు, విత్తనపు ధాన్యం కోసం మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడెవడు, గడప దిగనని మొండికేసే ముసలమ్మను ఎవరు మోసుకువెళ్ళారు, అన్నీ అప్పుడే తేలుతాయి. సముద్రం పోటు మీద ఉన్న వేళ వరద నీరు కిందికి దిగడం మందగిస్తుందన్నది కూడా మీ ఊరివారికి తెలిసిన విషయమే కనుక పాత్రల నోట రావచ్చు. ఆనాటి పత్రికలు చూడదలచుకుంటే రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళి విచారించండి.

అంబాజీపేట దింపు

మా నాన్నగారు కొబ్బరి దింపు తీసేవారు, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించేవారు. నవలలు చదవడం అలవాటు ఉంది గానీ రాయడం గురించి చెప్పేంతటివాడిని కాను. చెట్టు గురించి మాత్రం చెప్పగలను.

కొబ్బరిచెట్టుకు దాదాపుగా నెలకొక మట్ట విచ్చుతుంది. ఆ మట్ట రెండున్నర, మూడేళ్ళు మొవ్వులో, అంటే చెట్టు తలలో, ఉండి రాలిపోతుంది. రాలిన చోట మాను చుట్టూ వలయంలాగా గుర్తు మిగులుతుంది. చెట్టు బాగున్న ఏళ్ళలో ఈ గుర్తుల మధ్య ఎడం ఉంటుంది. దెబ్బతిన్న ఏళ్ళలో గుర్తులు దగ్గర దగ్గరగా పడతాయి. తుఫానుకు పడిపోకుండా ఒరిగిన చెట్టయితే, ఆ తరవాత పెరిగిన భాగం నిటారుగా పైకి లేస్తుంది కాబట్టి మానులో వంపు కనబడుతుంది. 1996 నాటి వంపులు మా వైపు తోటలలో ఇప్పటికీ చూపించవచ్చు. మీరు ఎదురుచూపు అన్నారు గనుక ఇది చెబుతున్నాను. మనుషులు మరిచిపోయిన ఏళ్ళు కూడా మాను మీద ఉంటాయి. కాపు లెక్క కూడా గుర్తుంచుకోండి. పొత్తి (పూతను కప్పి ఉంచే తొడుగు) పగిలి పూత బయటపడిన తరవాత కాయ ముదరడానికి సుమారు ఏడాది పడుతుంది. మొదటి పూత చూసిన రోజుకూ మొదటి దింపుకూ మధ్య ఒక ఏడాది మీ చేతిలో ఉంటుంది.

నరసాపురం రేవు

నేను ఇదివరకు రెండు నవలలు సొంతంగా అచ్చు వేసుకున్నవాడిని. లంకగట్టు గారు మూడు ప్రశ్నలను ఒకటిగా కలిపేశారని నాకు అనిపించింది. నవల పూర్తి చేయడం, పుస్తకంగా తయారు చేయడం, పాఠకుడికి చేర్చడం వేరువేరు పనులు. మూడింటికీ జనవరి అని ఒకే గడువు పెట్టుకోవడం మీ నడిమి భాగానికి మంచిది కాదు. గడువు దగ్గర పడేకొద్దీ కష్టమైన ప్రకరణాలను వదిలిపెట్టి, తేలికైనవాటిని పొడిగిస్తూ పోతాం.

రాత గురించి నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. ముందుకు సాగని చోట కూర్చుని వాక్యాలు చెక్కడం మానేసి, ఆ భాగంలో ఏయే పాత్రకు ఏం తెలుసు, ఏం తెలియదు అని ఒక కాగితం మీద రాసుకుంటాను. ఇంటి అప్పు ఎంతో పెద్ద కొడుక్కు తెలిసి చిన్న కొడుక్కు తెలియకపోతే అక్కడే ఒక ప్రకరణం పుడుతుంది. రాసినదాన్ని కొన్ని వారాలు పక్కన పెట్టి, కాగితం మీద అచ్చు తీసుకుని, పైకి చదువుకుంటూ దిద్దుతాను. కళ్ళకు కనబడని పునరుక్తి చెవికి దొరుకుతుంది.

సొంత ప్రచురణలో అన్నిటికన్నా ముందు డబ్బు పెట్టవలసింది సంపాదకుడి మీద. ప్రచురణ సంస్థ ఉంటే అక్కడ ఎవరో ఒకరు రాతప్రతిని చదివి, ఈ ప్రకరణం అనవసరం, ఈ పాత్ర మధ్యలో మాయమైంది అని చెబుతారు. మనమే ప్రచురణకర్తలం అయినప్పుడు ఆ మాట చెప్పే మనిషిని మనమే వెతుక్కుని, డబ్బిచ్చి, చెప్పింది వినాలి. ఇంట్లోవారి చేత, స్నేహితుల చేత చదివించడం ఇందుకు సరిపోదు. వాళ్ళు మనసు నొప్పించరు. ఆవిష్కరణ సభకు వేదిక, శాలువాలు, జ్ఞాపికలు, తాపేశ్వరం కాజాలు కలిపి అయ్యే ఖర్చులో సగం పెడితే మంచి సంపాదకుడు దొరుకుతాడు. మనలో చాలామంది మాత్రం శాలువాల దగ్గరే ఉదారంగా ఉంటారు.

మరొక హెచ్చరిక. రాతప్రతి ఇస్తే చాలు, ముఖచిత్రం నుంచి అమ్మకం దాకా అంతా మేమే చూసుకుంటామని మొత్తం సొమ్ము ముందే కట్టించుకునే సంస్థలు ఉన్నాయి. నా మొదటి నవలను అలాంటి ఒక సంస్థకు ఇచ్చాను. నేను దిద్ది పంపిన ప్రూఫులు (అచ్చుకు ముందు సరిచూసే ప్రతులు) పక్కన పడేసి పాత ఫైలునే అచ్చు వేశారు. అడిగితే మళ్ళీ అచ్చుకు మళ్ళీ సొమ్ము కట్టమన్నారు.

పాలకొల్లు పాఠకురాలు

రేవు గారి మాటలు చాలావరకు నిజమే. అయినా సొంతంగా రాసుకునేవారికి సంపాదకుడి కన్నా ముందు పాఠకులు కావాలని నా అభిప్రాయం. ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ కథల వేదిక మీద ప్రకరణానికొక భాగం చొప్పున ప్రచురించుకుంటే, ఎక్కడ చదవడం మానేశారో, ఎక్కడ మళ్ళీ వచ్చారో రచయిత్రికి అప్పటికప్పుడే తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు. ఇది మన నేలకు కొత్త పద్ధతి కూడా కాదు. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో తమ నవల రాజశేఖర చరిత్రను 1878లో ముందుగా సొంత పత్రిక వివేకవర్ధనిలో వరుసగా ప్రకటించి, ఆ తరవాతే 1880లో పుస్తకంగా తెచ్చారు. సొంత పత్రిక, సొంత ప్రచురణ, ముందు ధారావాహిక, తరవాత పుస్తకం. లంకగట్టు గారు అడుగుతున్న దారిలో ఆయన అప్పుడే నడిచారు.

నరసాపురం రేవు

పాఠకురాలు గారూ, ఉదాహరణ బాగుంది. అయితే వారం వారం భాగాలుగా ఇచ్చే రచనకు ప్రతి భాగం చివరా ఒక కొక్కెం కావాలి. తుఫాను తరవాత ఆరేడేళ్ళ నిదానాన్ని రాయవలసిన నవలకు ఆ కొక్కేలు తగిలిస్తే, ఎదురుచూపు పోయి ఉత్కంఠ మిగులుతుంది. కథ కదలడం లేదు, తరవాతి భాగంలో ఎవరినైనా చంపండి అని పాఠకులు అడుగుతారు. నన్ను అడిగారు. ఆ నవలలో నిజంగానే ఒకరు చనిపోయారు, అవసరం లేకుండా.

పాలకొల్లు పాఠకురాలు

చంపమన్నవారు పాఠకులే గానీ చంపింది మీరే కదండీ. పూర్తయిన నవలను భాగాలుగా ఇస్తే ఆ చిక్కు రాదు. రాస్తూ రాస్తూ ఇవ్వడం వద్దంటే నేనూ ఒప్పుకుంటాను.

యానాం వకీలు

కాపీరైటు చట్టం గురించి నాలుగు మాటలు. 1957 నాటి మన చట్టం ప్రకారం రచన పూర్తయిన క్షణం నుంచే హక్కు రచయితది. నమోదు తప్పనిసరి కాదు, కోరుకుంటే చేయించుకోవచ్చు. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు హక్కు కొనసాగుతుంది. కనుక ఎవరో కథ ఎత్తుకుపోతారన్న భయంతో రాతప్రతిని సంపాదకుడికి చూపించడం మానుకోవద్దు.

భయపడవలసింది ఒప్పంద పత్రం గురించి. రేవు గారు చెప్పిన తరహా సంస్థలతో గానీ మరెవరితో గానీ ఒప్పందం చేసుకుంటే, ఏ హక్కు ఇస్తున్నారు, ఎన్నేళ్ళకు, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలానికి అన్న నాలుగు సంగతులూ రాతలో ఉండాలి. హక్కుల బదిలీ పత్రంలో కాలవ్యవధి రాయకపోతే చట్టంలోని 19వ సెక్షను ప్రకారం 5 ఏళ్ళుగా భావిస్తారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వినియోగించుకోకపోతే, ఒప్పందంలో మరోలా లేనప్పుడు, ఆ హక్కు మళ్ళీ రచయితకే వస్తుంది. ముద్రణ ఒప్పందంలో అనువాదం, సినిమా, ఆడియో హక్కులు చాటుగా దూరి ఉన్నాయేమో చూసుకుని వాటిని కొట్టివేయించండి.

ఐ.ఎస్.బి.ఎన్., అంటే ఒక్కొక్క పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, విషయం కూడా చెప్పాలి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తుంది. సొంతంగా ప్రచురించుకునే రచయితలు తమ పేరుతోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ముద్రిత ప్రతికి ఒక సంఖ్య, ఈ-పుస్తకానికి వేరే సంఖ్య తీసుకోవాలి. మరొకరి సంఖ్యతో పుస్తకం వస్తే ప్రచురణకర్తగా వారి పేరే నమోదవుతుంది. పుస్తకం వెలువడిన 30 రోజులలోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చట్టం సూచించిన మరి మూడు గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. సొంత ప్రచురణ చేసేవారికి ఇది తెలియక వదిలేస్తున్నారు. పంపితే మీ నవల మీ తరవాత కూడా ఒకచోట భద్రంగా ఉంటుంది.

పాత కంపోజిటర్ (రాజమహేంద్రవరం)

చేత్తో అచ్చు పేర్చిన రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. లెక్క చెబుతాను, రాసుకోండమ్మా. నవలలకు మామూలుగా వాడే డెమీ 1/8 సైజులో చదవడానికి హాయిగా ఉండే అక్షరంతో పేజీకి ఉజ్జాయింపుగా 250 పదాలు పడతాయి. మీ 60 వేల పదాలకు 240 పేజీలు. ఫారానికి (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టకు) 16 పేజీల చొప్పున సరిగ్గా 15 ఫారాలు. అయితే లోపలి పేరు పేజీ, ప్రచురణ వివరాలు, మీ నాలుగు మాటలు, ప్రకరణాల మొదట వదిలే ఖాళీలు కలిపితే మరొక ఫారం పడుతుంది. ఆఖరి ఫారం నాలుగు పేజీలతో ఆగిపోతే మిగిలిన కాగితానికీ మీరే డబ్బు కడతారు. అందుకే పేజీలను 16తో భాగించుకుని చూసుకోవాలి. లోపలికి 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములలో బరువు) కాగితం, తెల్లగా మెరిసేది కాకుండా కొంచెం పసుపు ఛాయ ఉన్నది తీసుకుంటే రాత్రి దీపం కింద కంటికి శ్రమ ఉండదు. 300 ప్రతుల లోపు అయితే ఫైలు నుంచి నేరుగా అచ్చయ్యే డిజిటల్‌లో వేయించండి. 500 దాటితేనే ప్లేట్లు చేసి అచ్చు వేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు కిట్టుబాటు అవుతుంది. ఎక్కువ వేస్తే ప్రతి ఒక్కింటికి ధర తగ్గుతుందని ఆశపడి వెయ్యి వేయించుకుని, మంచాల కింద కట్టలు పెట్టుకున్నవారు నాకు బాగా తెలుసు. మన డెల్టా గాలిలో తేమకు రెండు వానాకాలాలు గడిస్తే కాగితానికి మచ్చలు వస్తాయి.

అక్షరాల విషయంలో జాగ్రత్త. మీరు యూనికోడ్‌లో (ఫోన్లలో, కంప్యూటర్లలో అన్నిటా చదవగలిగే అక్షర పద్ధతిలో) రాస్తే దాన్ని చివరిదాకా యూనికోడ్‌లోనే ఉంచే డి.టి.పి. వారిని, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చేవారిని, చూసుకోండి. మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటికీ చాలాచోట్ల యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో కూరుస్తారు. ఆ మార్పిడిలో వొత్తులు, క్ష, ఱ, అంకెలు, కొటేషను గుర్తులు చెదిరిపోతాయి. రాతప్రతిలో లేని తప్పులు ప్రూఫులో పుట్టుకొచ్చేది ఇక్కడే. రేపు ఈ-పుస్తకం తేవాలన్నా, మళ్ళీ అచ్చు వేయాలన్నా యూనికోడ్ ఫైలు మీ దగ్గర ఉండాలి. కూర్పు సొమ్ము చెల్లించేటప్పుడే ఆ ఫైలు అడిగి తీసుకోండి.

ప్రూఫు తెర మీద చూడవద్దు. కాగితం మీద తీయించి, ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు దిద్దాలి. మా రోజుల్లో ఇద్దరు లేనిదే ప్రూఫు ముట్టుకునేవారు కాదు.

కాకినాడ పుస్తకాల కొట్టు

అమ్మకం లెక్క నేను చెబుతాను. ఉదాహరణకు పుస్తకం వెల 250 రూపాయలు పెట్టారనుకోండి. మాలాంటివాళ్ళం 40 శాతం తగ్గింపు అడుగుతాం. మీ చేతికి వచ్చేది 150. ప్రతికి అచ్చు ఖర్చు 110 అయితే మిగిలేది 40. పార్సిలు, దారిలో నలిగిపోయిన ప్రతులు, సమీక్షకు ఇచ్చినవి, చుట్టాలు ఊరికే తీసుకువెళ్ళినవి అందులోంచే పోవాలి. పైగా కొట్లలో పుస్తకం అమ్ముడైన తరవాతే లెక్క చూస్తారు. నెలల తరబడి పట్టవచ్చు. ముద్రిత పుస్తకాల మీద జీఎస్టీ లేదు కనుక ఆ బెడద మాత్రం ఉండదు.

కాబట్టి మొదటి 300 ప్రతులలో ఎక్కువ భాగం మీరే నేరుగా అమ్ముకునేలా చూసుకోండి. ముందస్తుగా పేర్లు రాయించుకుని, సగం సొమ్ము వచ్చాకే అచ్చుకు వెళ్ళండి. ఎంతమంది పేర్లు ఇస్తారో చూస్తే ఎన్ని ప్రతులు వేయాలో తేలుతుంది. పుస్తక మహోత్సవంలో ఒకే పుస్తకం పట్టుకుని సొంత దుకాణం తీసుకుంటే అద్దె కూడా గిట్టదు. ఏదైనా కొట్టువారి దుకాణంలో పదిహేను, ఇరవై ప్రతులు పెట్టించుకుంటే చాలు. మీ నవలకు గిరాకీ మరో చోట ఉంది. లంకల నుంచి వెళ్ళి గల్ఫ్‌లోనూ హైదరాబాదులోనూ స్థిరపడినవారు తమ ఊరి వరద కథ అంటే వెతుక్కుని కొంటారు. కొట్టులో నేను రోజూ చూస్తున్నాను. బేరమాడకుండా కొనే పుస్తకాలలో సొంత ఊరి పుస్తకం మొదటిది.

లంకగట్టు (రాజోలు ప్రాంతం)

అందరికీ కృతజ్ఞతలు. తల్లిని కువైట్ పంపించి, కథను నాయనమ్మ, మనవరాలి దగ్గర ఉంచాను. వరద ప్రకరణాన్ని రెండో హెచ్చరికకూ మూడో హెచ్చరికకూ మధ్య గడిచే ఒక రాత్రిగా మార్చి రాస్తున్నాను. దింపు గారు చెప్పిన మట్ట గుర్తుల సంగతి విన్న దగ్గర నుంచి నడిమి భాగం కదలడం మొదలుపెట్టింది. ఒక పేరా మీ ముందు పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి:

“అమ్మ వెళ్ళిన మూడో ఏడు నాయనమ్మ నన్ను తోటలో మిగిలిన పాత చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళింది. అరచెయ్యి మాను మీద ఆనించి, గుడ్డివాళ్ళు తడుముకున్నట్టు కింది నుంచి పైకి జరుపుకుంటూ పోయి, నా తలకు కొంచెం పైన ఆపింది. అక్కడ గుర్తులు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ‘ఇది తుఫాను ఏడు,’ అంది. ‘మీ అమ్మ ఏడు ఇంకా రాలేదు.’”

అంబాజీపేట దింపు

చివరి మాట చదివి కాసేపు ఆగిపోయానండి. కానీ తుఫాను ఏడు తలకు కొంచెం పైన ఉండదు. చెట్టు పెరిగేది పైన మొవ్వు దగ్గర. కింద ఉన్న గుర్తులు చెట్టు చిన్నదిగా ఉన్నప్పటివి. పాత చెట్టుకు 1996 నాటి గుర్తులు మొవ్వుకు కొంచెం కిందనే ఉంటాయి. నేల మీద నిలబడినవారి చేతికి అందవు. చెట్టెక్కినవాడికే తెలుస్తాయి. పైగా తుఫాను తరవాత విచ్చిన మట్టలు రాలి గుర్తు బయటపడటానికి రెండున్నర, మూడేళ్ళు పడుతుందని చెప్పాను కదా. కాబట్టి మీ మూడో ఏడు సరిగ్గా సరిపోతుంది. అప్పటిదాకా దెబ్బ మొవ్వులోనే దాగి ఉంటుంది. ఆ ఏడు దింపు తీయడానికి ఎక్కినవాడు కిందికి దిగి ఆ మాట చెప్పాలి. నాయనమ్మ చేతికి అందేవి ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పడిన గుర్తులు.

అమలాపురం మాష్టారు

దింపు గారు సవరణ చెబుతూ ఒక పాత్రను కూడా ఇచ్చారు. తోటలో పాత చెట్టు ఒక్కటే మిగిలినా దాని కోసం వచ్చే దింపు మనిషి ఒకడు ఉంటాడు. అతనికీ రాబడి పోయింది, అతనూ ఎదురుచూస్తున్నాడు. తోటగల ఇంటి ఎదురుచూపు పక్కన కూలి మనిషి ఎదురుచూపు నిలబడితే మీ నడిమి భాగానికి రెండో స్తంభం దొరుకుతుంది. భూమి పట్టా ఉన్నవారికి తుఫాను పరిహారం వచ్చి, చెట్టెక్కేవాడికి ఏమీ రాని ఇంటి సంగతి మీ నవలలో ఇంతవరకు లేదు. పోలిక గురించి ఒక చిన్న మాట. నాయనమ్మ చెయ్యి కదలడమే బలంగా ఉంది. గుడ్డివాళ్ళను తీసివేయండి.

లంకగట్టు (రాజోలు ప్రాంతం)

పోలిక తీసివేశాను. కింది గుర్తులు నాయనమ్మవి, పైవి దింపు మనిషి నోటి నుంచి వింటారు. అతనికి ఒక కూతురు కూడా వచ్చి చేరింది. దీనివల్ల కనీసం మూడు ప్రకరణాలు పెరిగేలా ఉన్నాయి కనుక జనవరి ఆలోచన మానుకున్నాను. పూర్తయ్యాక మాష్టారు గారికీ, దింపు గారికీ రాతప్రతి పంపుతాను. ఆ తరవాత డబ్బిచ్చి ఒక సంపాదకుడి చేత చదివిస్తాను. ధారావాహికగా ఇప్పుడు ఇవ్వను. పుస్తకం వచ్చాక మొదటి భాగం వరకు ఇవ్వాలని పాఠకురాలు గారి మాట మీద అనుకుంటున్నాను. ఐ.ఎస్.బి.ఎన్. నా పేరుతోనే తీసుకుంటాను. ముందస్తు పేర్లు వచ్చినదాన్ని బట్టి 200 నుంచి 300 ప్రతులు డిజిటల్‌లో వేయిస్తాను. కంపోజిటర్ గారూ, ముఖచిత్రం వేసే అమ్మాయి ఇప్పుడే కొలతలు అడుగుతోంది. వెన్ను భాగంతో కలిపి ఎంత చెప్పమంటారు?

పాత కంపోజిటర్ (రాజమహేంద్రవరం)

ఇప్పుడే చెప్పలేనమ్మా. వెన్ను మందం పేజీల సంఖ్యను బట్టీ, కాగితం మందాన్ని బట్టీ తేలుతుంది. మీకు మూడు ప్రకరణాలు పెరుగుతున్నాయి కదా. ముందు అట్ట, వెనుక అట్ట డెమీ కొలతకు వేయమనండి, మూడు వైపులా కోతకు కొంత అంచు వదలమనండి. వెన్ను మీద పేరు ఆఖరి ప్రూఫు దిద్దాక పెట్టుకోవచ్చు. కొబ్బరి మాను బొమ్మ నిలువుగా వేసేటట్లయితే దాన్ని వెన్ను అంచుకు ఆనించవద్దని ఆ అమ్మాయికి చెప్పండి. బైండింగులో ఇటూ అటూ జరిగితే మాను సగం వెన్ను మీదికి పోతుంది.